పొలాస మడి నుంచి పరమ్ సేవ దాకా

జగిత్యాల పట్టణం దాటి కొద్ది కిలోమీటర్లు పోతే పొలాస వస్తుంది. పౌలస్తీశ్వరుడి గుడి ఉన్న పాత ఊరు. కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడిలో వేయించిన శాసనంలో, మేడరాజును ఓడించి పొలవాస దేశాన్ని గెలుచుకున్న ముచ్చట ఉంది. ఆ పొలవాస ఈ పొలాసే. రాజ్యం ఏనాడో పోయింది. ఇప్పుడు ఈ ఊరి పేరు రైతుల నోట్లో నానుతున్నదంటే అది విత్తనాల పుణ్యం. ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఇక్కడే ఉంది. ‘జేజీఎల్’ అని మొదలయ్యే వరి రకాలన్నీ ఈ మడుల్లో పుట్టినవే. జగిత్యాల సన్నాలు, జగిత్యాల మసూరి, బతుకమ్మ, జగిత్యాల వరి-1... వానాకాలమైనా యాసంగైనా ఉత్తర తెలంగాణ పొలాల్లో వీటిలో ఏదో ఒకటి కనిపించక మానదు.

ఈ మడుల గట్ల మీద నడిచేవాళ్లు వంగి చూడాల్సిన వింత ఒకటుంది. వరి దుబ్బులో పచ్చటి పిలకల మధ్య అక్కడక్కడా తెల్లగా, వెండిలా మెరిసే సన్నటి గొట్టం నిలబడి ఉంటుంది. ఉల్లికాడలా ఉండే ఆ గొట్టం ఇక వెన్ను వేయదు. దోమంత ఉండే ఈగ గుడ్డు పెడితే, పిల్ల పురుగు పిలక మొవ్వులోకి దూరి, ఎదగాల్సిన ఆకును గొట్టంగా మార్చి అందులో కాపురం పెడుతుంది. ఇదే ఉల్లికోడు. సాంబ మసూరి బియ్యం ఎంత రుచో, ఆ పైరు ఈ పురుగుకు అంత లోకువ. అందుకే పొలాస శాస్త్రవేత్తలు సాంబ మసూరిని, కోడును తట్టుకునే వరంగల్ రకం ‘కావ్య’తో సంకరం చేశారు. జగిత్యాల సన్నాలు ఆ జంట బిడ్డే.

అసలు ఆశ్చర్యం పురుగులోనే ఉంది. దేశంలో ఉల్లికోడు ఒక్కటే అయినా దాని తెగలు వేరు. ఇప్పటిదాకా ఏడు తెగలను గుర్తించారు. జగిత్యాల పురుగు మూడో తెగ. వరంగల్‌లో ఉండేది ‘4ఎం’ అనే మరో తెగ. రెండు ఊళ్ల మధ్య దూరం బస్సులో కొన్ని గంటలే. అయినా ఒకచోట గట్టిగా నిలబడిన రకం ఇంకోచోట లొంగిపోవచ్చు. కాబట్టి ప్రతి కొత్త రకాన్నీ ఊరూరా నాటి చూడాలి. దుబ్బు దుబ్బుకూ పిలకలు లెక్కపెట్టాలి. వాటిలో వెండి గొట్టాలెన్నో చూసి 0 నుంచి 9 దాకా మార్కు వేయాలి. గొట్టాలే లేకపోతే సున్నా. నూటికి పాతికకు మించి ఉంటే తొమ్మిది. మోకాలి లోతు బురదలో నిలబడి, నోటు పుస్తకంలో పెన్సిలుతో రాసే ఈ ఒక్క అంకె దగ్గరే పెద్ద కంప్యూటర్ల కథ మొదలవుతుంది.

ఎందుకంటే ఆ 0కీ 9కీ మధ్య తేడా వరి జన్యువుల్లో ఎక్కడో దాగి ఉంటుంది. వరి జన్యుపటంలో సుమారు 40 కోట్ల అక్షరాలు. 2005లో అంతర్జాతీయ బృందం దాన్ని మొదటిసారి పూర్తిగా చదివింది. పదకొండో క్రోమోజోమ్‌లో కొంత భాగం మన దేశపు శాస్త్రవేత్తలు చదివారు. ఆ తర్వాత 2014లో 89 దేశాల నుంచి 3,000 వరి రకాల జన్యువుల సమాచారం బయటికొచ్చింది. యంత్రం ఈ అక్షరాలను మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చదవదు. దాదాపు నూరేసి అక్షరాల ముక్కలుగా, తప్పులు దొర్లకుండా ఒక్కో చోటును సగటున 14 సార్లు చదివారు. ఒక్క రకానికి 560 కోట్ల అక్షరాలన్నమాట. ఏ ముక్క ఎక్కడిదో కంప్యూటర్ వెతికి సరిచూసి పేర్చాలి. 3,000 రకాలకు పేర్చి చూస్తే, రకానికీ రకానికీ అక్షరం మారే చోట్లు దాదాపు 1.89 కోట్లు తేలాయి. మొత్తం సమాచారం 13 టెరాబైట్ల పైమాట.

ఒక వ్యవసాయ కళాశాల తన గదిలో పెట్టుకుని చేసుకోగలిగే పని కాదిది. అలాగని ప్రతి కళాశాలకూ సూపర్ కంప్యూటర్ కొనిపెట్టడమూ కుదరదు. ఈ చిక్కుముడికి జవాబు కావాలంటే సిరిసిల్ల వెళ్లాలి. నాలుగో ఎనిమిదో మరమగ్గాలున్న ఆసామి ఎవరూ సొంతంగా సైజింగ్ యూనిట్ పెట్టుకోరు. నూలుకు గంజి పట్టించి, ఆరబెట్టి, బీములకు చుట్టే ఆ యంత్రం పెద్దది. దానికి బాయిలరు కావాలి, తెలిసిన పనివాళ్లు కావాలి. ఊళ్లో ఉన్న కొన్ని యూనిట్లే వేల మగ్గాలకు బీములు అందిస్తాయి. వరస వచ్చేదాకా ఆగాలి, వచ్చాక పని ఇట్టే అయిపోతుంది. సైన్సుకు కావాల్సిన ఉమ్మడి కంప్యూటింగ్ సదుపాయం కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది.

మన రాష్ట్రంలో అలాంటి యంత్రం ముంబయి జాతీయ రహదారి పక్కన, సంగారెడ్డి దగ్గరి కంది గ్రామంలో ఉంది. 576 ఎకరాల ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలోని ఆ సూపర్ కంప్యూటర్ పేరు ‘పరమ్ సేవ’. కేంద్రం 2015లో 4,500 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద సీ-డాక్ దీన్ని నెలకొల్పింది. పుణెలోని ఈ సంస్థ పుట్టుకే ఓ పట్టుదల కథ. అమెరికా తన పెద్ద యంత్రాలు అమ్మడానికి ఆంక్షలు పెడుతున్న రోజుల్లో, 1988లో మొదలై, 1991లో ‘పరమ్ 8000’ తయారుచేసి చూపించింది. పరమ్ సేవ గరిష్ఠ వేగం 838 టెరాఫ్లాప్స్. అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. భూమ్మీది 800 కోట్ల మందీ కూర్చుని సెకనుకో లెక్క చొప్పున తిండీ నిద్రా లేకుండా చేస్తే, ఈ యంత్రం ఒక్క సెకనులో చేసే పనికి 29 గంటలు పడుతుంది!

ఇంత వేగం ఒక్క చిప్‌లో ఉండదు. వరసగా నిలబెట్టిన బీరువాల్లో ఎన్నో చిన్న కంప్యూటర్లు. వాటిని కలుపుతూ సెకనుకు వంద గిగాబిట్ల వేగంతో మాట్లాడుకునే తీగలు. పనిలో పడితే వేడెక్కిపోతాయి కాబట్టి చిప్‌ల పక్కనుంచే ద్రవాన్ని పారించి చల్లబరుస్తారు. వాడుకునేవాళ్లు ఈ గది గడప తొక్కాల్సిన పని లేదు. ఎక్కడో కూర్చుని, ఎన్ని ప్రాసెసర్లు, ఎన్ని గంటలు కావాలో ఒక చిన్న ఫైలులో రాసి పంపిస్తారు. ‘స్లర్మ్’ అనే సాఫ్ట్‌వేర్ అందరి పనులనూ వరసలో పెట్టి, ఖాళీ చూసి ఒక్కొక్కటే ఎక్కిస్తుంది.

అయితే యంత్రం ఒక్కటీ ఉంటే సరిపోదు, దాని దాకా తోవ ఉండాలి. జిల్లా కళాశాలకు సెకనుకు 100 మెగాబిట్ల ఇంటర్నెట్ ఉందనుకుందాం. ఆ 3,000 వరి రకాల సమాచారం అక్కడికి దిగడానికి రాత్రింబవళ్లు పన్నెండు రోజులు పడుతుంది. 10 గిగాబిట్ల తీగ మీదైతే మూడు గంటలు. 2010లో మొదలైన జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్ విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను ఇలాంటి వేగంతో కలపడానికే వచ్చింది. సమాచారాన్ని లెక్క దగ్గరికి మోసుకుపోవడం మాని, లెక్కనే సమాచారం దగ్గరికి పంపడం ఇప్పటి పద్ధతి.

యంత్రాలు, తీగల కంటే ముందే కావాల్సింది ఇంకొకటుంది. అందరూ ఒకే తీరుగా రాసుకోవడం. ఈ విషయంలో వరి శాస్త్రవేత్తలు అరవై ఏళ్ల కిందటే దారి వేశారని గర్వంగా చెప్పుకోవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా 1965లో అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకం మొదలైంది. ఒకే రకాలను దేశమంతా వేర్వేరు నేలల్లో నాటి, ఒకే పట్టికలో మార్కులు వేయడం అప్పటి నుంచీ నడుస్తోంది. కంప్యూటర్ పేరు కూడా జనం ఎరగని కాలంలో వేసిన పునాది ఇది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఉల్లికోడును తట్టుకునే ‘జీఎం3’ జన్యువును నాలుగో క్రోమోజోమ్ మీద పట్టుకోగలిగారంటే, జన్యు అక్షరాల పక్కన నమ్మదగిన పొలం మార్కులు ఉండబట్టే.

వరికే కాదు, శనగకూ ఇదే దారి. కంది గ్రామానికి పోయే రహదారి మీదే పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ నాయకత్వంలో 60 దేశాల శనగ రకాలు 3,366 చదివి 2021లో ప్రకటించారు. పశువులదీ అదే బాట. కోరుట్ల పశువైద్య కళాశాలలో చదువుతున్న పిల్లలు రేపు ఉద్యోగాల్లో చూడబోయే మేలుజాతి ఎంపిక, ఎద్దు మూపురం, కొమ్ములు చూసి చేసేది మాత్రమే కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021లో ‘ఇండిగౌ’ అనే చిప్ తెచ్చింది. ఒంగోలు, గిర్, సాహివాల్, కాంక్రేజ్ లాంటి దేశీ ఆవుల కోసం చేసిన ఈ చిప్‌లో, విదేశీ జాతుల కోసం చేసిన 7,77,000 గుర్తుల చిప్ కంటే 11,496 గుర్తులు ఎక్కువ. ఒక్కో పశువుకు ఇన్నేసి గుర్తులు, పక్కన పాల దిగుబడి, ఈతల వివరాలు. వేల పశువులకు కలిపి లెక్క కడితే గానీ ఏ దూడ మేలుదో తేలదు.

ఇలాంటి పనికోసమే ఢిల్లీ పూసాలోని వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థలో 2014 జనవరిలో ‘అశోక’ అనే సూపర్ కంప్యూటింగ్ కేంద్రం తెరిచారు. మొక్కలు, పశువులు, చేపలు, సూక్ష్మజీవులు, కీటకాలు చూసే ఐదు జాతీయ బ్యూరోలను దానికి జతచేశారు. 2022 నవంబరులో ఫరీదాబాద్‌లో భారత జీవసమాచార కేంద్రం ప్రారంభమైంది. నిల్వ సామర్థ్యం 4 పెటాబైట్లు. ఇక్కడ ఏదైనా ప్రమాదం జరిగినా పోకుండా ఇంకో నకలు భువనేశ్వర్‌లో దాస్తారు. ప్రజల సొమ్ముతో సేకరించిన జీవసమాచారం ఏ ప్రయోగశాల అల్మారాలోనో మగ్గిపోకుండా అందరికీ అందాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఇది చాలా ఆలస్యంగా వచ్చిన మంచి పని.

ఇక మిగిలింది జిల్లాల వంతు. పొలాసలో వ్యవసాయ కళాశాల ఉంది. సిరిసిల్ల దగ్గర జిల్లెల్లలో ఇంకొకటి ఉంది. కొండగట్టు కింద నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల నడుస్తోంది. ఒకచోట పైరు తెలిసిన పిల్లలు, ఇంకోచోట ప్రోగ్రాము రాయగల పిల్లలు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఏర్పాటు కందిలోని యంత్రమంత అవసరం. పెన్సిలు అంకెలను ఏ ఏడాదికా ఏడాది తేదీ, మడి, విత్తన సంఖ్యలతో సహా కంప్యూటర్‌లోకి ఎక్కించే ఉద్యోగి ఒకరు ప్రతి పరిశోధన స్థానంలో ఉండాలి. పెద్దగా ఖర్చు లేని ఈ పని చేయకపోతే ఎంత పెద్ద యంత్రమైనా చేయగలిగింది తక్కువ.

చూడాలనుకునేవారికి దారి తేలికే. జగిత్యాల, కోరుట్ల రెండూ 63వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. పెద్దపల్లి–నిజామాబాద్ రైలు కూడా ఈ రెండు ఊళ్లనూ తాకుతుంది. సిరిసిల్లకు వేములవాడ మీదుగా వెళ్లాలి. పొలాస మడులు చూడాలంటే పరిశోధన స్థానం అనుమతి తీసుకోవాలి. ఉల్లికోడు కనబడాలంటే ఆగస్టు, సెప్టెంబరు నెలలు సరైనవి. పరమ్ సేవ మీద పని చేయదలచిన పరిశోధకులు తమ సంస్థ తరఫున, ఏ లెక్కకు ఎంత సమయం కావాలో వివరంగా రాసి దరఖాస్తు చేసుకోవాలి. అంతవరకు ఆగలేని విద్యార్థులకు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ 3,000 రకాల జన్యు తేడాలను ‘స్నిప్ సీక్’ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. మామూలు లాప్‌టాప్ చాలు. నాలుగో క్రోమోజోమ్ తెరిచి, ఏ దేశపు వరిలో ఏ అక్షరం మారిందో పొలాస హాస్టల్ గదిలో కూర్చునే చూసుకోవచ్చు.