మానని ఒళ్లునొప్పులు

బెంగాల్ నాగపూర్ రైల్వేవారు నాగపూరు నుండి అసన్సోలు వరకు మార్గమును 1891లో పూర్తిచేసిన పిమ్మట బిలాస్‌పూర్ రైల్వే పట్టణముగా పెరిగినది. ఆ రైల్వే విశాఖపట్టణము వరకు వ్యాపించియుండుటచే తెలుగువారనేకులు ఉద్యోగములకై ఇచ్చటికి వచ్చి స్థిరపడిరి. 2003 నుండి ఈ నగరము ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము.

రైల్వే పనులలో కండబలముతో నడచునవి పెక్కు. మీటరుకు 60 కిలోల బరువు తూగు పట్టాలను సరిచేయువారు, షెడ్డులలో వంగి పనిచేయు ఫిట్టర్లు, రాత్రులు మేల్కొను గార్డులు, ఇంట నీళ్లు మోయుచు వంట చేయు స్త్రీలు మెడ, భుజములు, నడుము నొప్పులతో బాధపడుట సామాన్యము. విశ్రాంతితో కొలదిదినములలో తగ్గునది వేరు. మూడు మాసములు దాటినను విడువనిది వేరు. ఈ రెండవదానిని దీర్ఘకాలిక నొప్పి యందురు.

ఇట్టి రోగికి ఎక్స్‌రేలోగాని రక్తపరీక్షలోగాని దోషము కనబడకపోవచ్చును. అంతట తోడివారు “పని తప్పించుకొనుటకే మూల్గుచున్నాడు” అని అనుమానింతురు. నొప్పికంటె ఈ మాటయే వానిని ఎక్కువ క్రుంగదీయును. ఇది అన్యాయము, ఆ బాధ నిజమైనది.

నొప్పి శరీరమునకు అపాయసూచన. గాయము మానిన తోడనే అది చల్లారవలెను. కాని కొందరిలో వెన్నుపాము, మెదడులలోని నాడులు మితిమీరిన చుఱుకుదనము పొంది స్వల్పమైన తాకిడినికూడ బాధగా గ్రహించును. దారి నిర్విఘ్నమైన తరువాతను ఎఱ్ఱదీపము ఆరకుండుట వంటిదిది.

ఒకే కండరమున ముడివలె గట్టిపడి, నొక్కినచో దూరమునకు ప్రాకు నొప్పి యొకరకము. ఒళ్లంతయు నొప్పి, అలసట, నిద్రపోయినను తీరని బడలిక కలుగునది మరియొకటి. దీనికి ఫైబ్రోమయాల్జియా యని పేరు. ఇది స్త్రీలలో ఎక్కువ. 1904లో గవర్స్ అను ఆంగ్లేయ వైద్యుడు కండరముల వాపే ఇట్టి నొప్పులకు కారణమని తలచి ‘ఫైబ్రోసైటిస్’ అను పేరు పెట్టెను. అట్టి వాపు లేదని తరువాత తేలినది. 1990లో అమెరికా వైద్యులు 18 స్థానములలో 11 నొక్కినపుడు నొచ్చవలెనని నియమించిరి. 2010లో ఆ లెక్కను విడిచి రోగి చెప్పు లక్షణములకే ప్రాధాన్యమిచ్చిరి. 2022 నుండి అమలులోనున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక ఇట్టి నొప్పిని స్వతంత్రవ్యాధిగా అంగీకరించినది.

నిద్రలేమి, మనోవ్యధ, ఒకే భంగిమలో చిరకాలము పనిచేయుట నొప్పిని పెంచును. భయపడి పూర్తిగా పడుకొనుటయు హానికరమే. కదలని కండరములు మఱింత బలహీనపడును. మొదట పది నిమిషములు నడచి వారము వారము కొద్దిగా పెంచుట మేలు. నొప్పి లేనినాడు ఒక్కసారిగా పనులన్నియు నెత్తిన వేసికొనరాదు. బరువు ఎత్తునపుడు నడుము వంచక మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొనవలెను. వేడికాపడము, మృదువైన మర్దనము ఉపశమనమిచ్చును. రాత్రిడ్యూటీ చేసివచ్చినవారికి చీకటిగల గదిలో నిద్ర అవసరము.

నొప్పిబిళ్లలను దుకాణమున కొని నెలల తరబడి మ్రింగరాదు. వానివలన కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. నాడుల చుఱుకుదనమును తగ్గించు మందులు వేరుగా కలవు. వానిని వైద్యుడే నిర్ణయింపవలెను. థైరాయిడు లోపము, డి విటమిను కొరతకూడ ఇట్టి నొప్పులను కలిగించునుగావున ముందు పరీక్ష చేయించుట మంచిది.

జ్వరము, అకారణముగా బరువు తగ్గుట, కీళ్లవాపు ఉన్నచో ఆలస్యముచేయక వైద్యుని చూడవలెను. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మలమూత్రములపై పట్టు తప్పుట కలిగినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

ఈ నొప్పి ఒక్కనాటిలో పోదు. ఒక్క మందుతోనూ పోదు. కాని క్రమమైన కదలిక, నిద్ర, వైద్యుని సలహా, ఇంటివారి ఓర్పు కలిసినచో రోగి మరల తన పని తాను చేసికొనగలడు. “నీ మాట నమ్ముచున్నాము” అని ఇంటివారు చెప్పుటయే చికిత్సకు తొలిమెట్టు.