హౌస్‌బోట్ ఎక్కుతున్నారా? స్టార్ ఒక్కటే చూస్తే సరిపోదు

సెలవుల్లో కేరళ టూర్ అంటే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది అలప్పుజ హౌస్‌బోట్. ఒకప్పుడు ధాన్యం మోసిన ‘కెట్టువళ్లం’ పడవలే ఇప్పుడు వేంబనాడ్ సరస్సులో ఏసీ గదులతో తేలే హోటళ్లయ్యాయి. మరి ఏ బోటు మంచిదో తెలిసేదెలా?

నాణ్యత: సౌకర్యాలు, సేవలను బట్టి కేరళ పర్యాటక శాఖ గోల్డ్ స్టార్, సిల్వర్ స్టార్ ఇస్తుంది. అయితే స్టార్ ఉన్నంత మాత్రాన ప్రాణాలకు భరోసా ఉన్నట్టు కాదు.

భద్రత: ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం-2021 ప్రకారం ఇంజిన్‌తో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ తప్పనిసరి. ఎంతమందిని ఎక్కించాలన్నదానికీ పరిమితి ఉంటుంది. 2023 మే 7న కేరళలోని తానూర్‌లో మునిగింది హౌస్‌బోట్ కాదు, మామూలు టూరిస్టు బోటే. కానీ పరిమితికి మించి జనాన్ని ఎక్కించడంతో 22 మంది చనిపోయారు.

పర్యావరణం: పర్యావరణానికి మేలు చేసే ఏర్పాట్లున్న బోట్లకు ‘గ్రీన్ పామ్’ సర్టిఫికెట్ ఇస్తారు. టాయిలెట్ నీళ్లు, ఇంజిన్ ఆయిల్ సరస్సులో కలిస్తే నష్టపోయేది అక్కడ చేపలు పట్టుకుని బతికేవాళ్లే. వేంబనాడ్ 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల కూడా.

అందుకే అడ్వాన్స్ కట్టకముందే సర్వే సర్టిఫికెట్ గడువు అడగండి. ఎక్కగానే పిల్లలతో సహా అందరికీ లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండర్ ఉన్నాయా చూసుకోండి. లేకపోతే దిగిపోండి. డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.