చాకీ పురుగుల పెంపకం

చాకీ పురుగుల పెంపకం అనగా గుడ్ల నుండి వెలువడిన పట్టుపురుగులను రెండవ జ్వరం దాటే వరకు ప్రత్యేక శ్రద్ధతో పెంచుట. పట్టుపురుగు (శాస్త్రీయ నామం: బాంబిక్స్ మోరీ) జీవితంలో ఇది మొదటి ఏడెనిమిది రోజుల కాలం. పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలక ఉండే స్థితిని రైతులు "జ్వరం" అంటారు. ఇది వ్యాధి కాదు. చాకీ దశలో పురుగులు సరిగా మేత పట్టనిచో, తరువాత ఎంత ఆకు వేసినను పంట కోలుకొనుట కష్టం.

ప్రాంతీయ నేపథ్యం

ధర్మవరం పట్టుచీరల నేతకు, హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు ప్రసిద్ధి చెందినవి. హిందూపురం సమీపంలోని కిరికెరలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పట్టు పరిశోధన మరియు అభివృద్ధి సంస్థ ఉన్నది. ఈ రెండు పట్టణాలతో పాటు పెనుకొండ కూడా 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి వేరుపడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరును. పొడిగాలికి కోసిన మల్బరీ ఆకు త్వరగా వాడిపోవును. పట్టుపురుగు నీరు త్రాగదు. దానికి కావలసిన నీరంతా ఆకు నుండే లభించును. వాడిన ఆకును చిన్న పురుగు కొరకలేదు. కావున ఈ ప్రాంతంలో చాకీ పెంపకం ప్రధానంగా తేమను కాపాడుకొనే పని.

గుడ్లు పొదుగుట

గుడ్లను సుమారు 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 75 నుండి 80 శాతం తేమలో ఉంచిన పది, పదకొండు రోజులలో పురుగులు వెలువడును. పొదుగుటకు రెండు రోజుల ముందు గుడ్డుపై సూదిమొన వంటి నల్లని చుక్క కనిపించును. అప్పుడు గుడ్లను నల్లని కాగితంలో చుట్టి చీకటిలో ఉంచి, పొదిగే రోజు ఉదయం వెలుతురు సోకనిచ్చినచో పురుగులన్నియు దాదాపు ఒకేసారి బయటికి వచ్చును. ఇట్లు చేయనిచో పెద్దవి, చిన్నవి కలసిపోయి జ్వరాలు వేర్వేరు సమయాలలో వచ్చును. అప్పుడు కొన్నింటికి మేత వేయవలసిన సమయంలోనే మరికొన్నింటికి మేత ఆపవలసి వచ్చును.

మొదటి మేత

అప్పుడే వెలువడిన పురుగు సుమారు మూడు మిల్లీమీటర్ల పొడవుతో చీమవలె నల్లగా ఉండును. వీటిని చేతితో తాకరాదు. లేత ఆకును అర సెంటీమీటరు ముక్కలుగా తరిగి వాటిపై చల్లినచో, వాసనకు అవియే ఆకుపైకి ప్రాకును. తరువాత వాటిని మెత్తని ఈకతో తట్టలోనికి మార్చవలెను.

మొదటి దశలో 27 నుండి 28 డిగ్రీల ఉష్ణోగ్రత, 85 నుండి 90 శాతం తేమ అవసరం. ఇందుకు తట్టలో పారఫిన్ కాగితం పరచి, పడక చుట్టూ తడిపిన స్పాంజి ముక్కలు ఉంచి, పైన మరొక పారఫిన్ కాగితం కప్పుదురు. తదుపరి మేతకు అరగంట ముందు పై కాగితం తీసి గాలి ఆడనివ్వవలెను. మేత రోజుకు మూడు, నాలుగు సార్లు వేయుదురు.

జ్వర సమయంలో జాగ్రత్తలు

జ్వరానికి కూర్చున్న పురుగు తల పైకెత్తి కదలక ఉండును. ఈ స్థితి సుమారు ఒక రోజు ఉండును. దాదాపు అన్ని పురుగులు కూర్చున్న తరువాత మేత ఆపి, కప్పిన కాగితాన్ని, స్పాంజిని తీసివేసి, సున్నపు పొడి పలుచగా చల్లి పడకను ఆరనివ్వవలెను. మేత సమయంలో మేలు చేసిన తేమయే ఇప్పుడు హాని చేయును. 95 శాతం పురుగులు లేచిన తరువాతనే తిరిగి మేత వేయవలెను. తొందరపడినచో ముందు లేచినవి పెరిగి, మిగిలినవి వెనుకబడును.

కొత్తగా తెచ్చిన పురుగులు

పలువురు రైతులు గుడ్లకు బదులు చాకీ కేంద్రాల నుండి రెండవ జ్వరంలో ఉన్న పురుగులను కొని తెచ్చుకొందురు. 100 గుడ్ల సముదాయాల నుండి సుమారు 40,000 పురుగులు లభించును. వీటిని ఉదయం లేక సాయంత్రం చల్లని వేళ, కుదుపు లేకుండా తరలించవలెను. పెంపకం గదిని బ్లీచింగ్ పొడి ద్రావణంతో ముందే శుద్ధి చేసి ఉంచవలెను.

ఇంటికి చేరిన వెంటనే ఆకు వేయుట సరికాదు. పురుగులను పలుచగా పరచి, అన్నియు జ్వరం నుండి లేచిన తరువాత క్రిమిసంహారక పొడి చల్లి, అరగంట ఆగి మొదటి మేత వేయవలెను. ఆ మేత రసవంతమైన లేత ఆకై ఉండవలెను. పక్క పొలంలో పురుగుమందు చల్లిన వాసన, పొగాకు, కిరోసిన్ పురుగులకు ప్రమాదకరం. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళను నీటి గిన్నెలలో ఉంచవలెను. బల్లులు, ఎలుకలు కూడా పురుగులను తినును గనుక కిటికీలకు వలలు బిగించుట మంచిది.

ప్రాముఖ్యత

పురుగు పుట్టిన నాటి నుండి ఐదవ దశ చివరికి సుమారు 10,000 రెట్లు బరువు పెరుగును. అది తినే ఆకులో 80 శాతానికి పైగా ఐదవ దశలోనే ఖర్చగును. చాకీ దశలో నీరసించిన పురుగులు తరచుగా ఈ దశకు చేరిన తరువాతనే రోగాలతో చనిపోవును. అప్పటికి ఆకు, కూలి, దాదాపు నెల రోజుల శ్రమ ఖర్చయి ఉండును. అందువలన అతి తక్కువ ఆకు తినే మొదటి వారమే రైతు ఆదాయాన్ని ఎక్కువగా నిర్ణయించును.

ఇవి కూడా చూడండి

పట్టు
మల్బరీ
ధర్మవరం
హిందూపురం