కరెంటు తీసేసిన నీళ్లలో సత్తువ ఉంటుందా?

ఈ సెమిస్టర్‌లో నేనూ, మా ఎలక్ట్రికల్ వాళ్లు ఇంకో ముగ్గురూ శనివారాలు కాలేజీ పక్క ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలతో నీటి చక్రాలు చేయిస్తున్నాం. మీలో ఎవరికైనా ఇలాంటిది మొదలుపెట్టాలనుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

సామాను ఇంతే: నాలుగు పాత సీడీలు, ఎనిమిది ప్లాస్టిక్ చెంచాలు, ఇరుసుకి సైకిల్ స్పోక్, బొమ్మ కారులోంచి ఊడదీసిన మోటార్, ఎర్ర ఎల్ఈడీ, రబ్బరు బ్యాండు. రెండు సీడీల మధ్య చెంచాలు అతికిస్తే చక్రం. మిగతా రెండింటి మధ్య చిన్న అట్టముక్క పెడితే బ్యాండుకి గాడి. ఆ బ్యాండుని మోటార్ ఇరుసుకి తగిలిస్తే చక్రం ఒక చుట్టు తిరిగేలోపు మోటార్ యాభై పైనే తిరుగుతుంది. అంత వేగం లేకపోతే ఎల్ఈడీ వెలగదు. ఉన్నా వెలగకపోతే వైర్లు అటూ ఇటూ మార్చండి.

ముందు బోర్డు మీద లెక్క చేయిస్తాం. ఇరవై లీటర్ల బకెట్ 200 సెకన్లలో ఖాళీ అయితే సెకనుకి 0.1 లీటరు. ఒక మీటరు కిందికి పడితే దాదాపు ఒక వాట్. పదో వంతు చేతికొచ్చినా ఎల్ఈడీకి కావలసిన 0.04 వాట్‌కి సరిపోతుంది. అదే సెకనుకి ఒక ఘనపు మీటరు నీరు 100 మీటర్ల నుంచి పడితే 980 కిలోవాట్లు. సూత్రం అదే, ఎత్తూ ప్రవాహమే మారాయి.

అసలు పాఠం మాత్రం ఎల్ఈడీ తీసేశాక మొదలవుతుంది. చక్రాన్ని వేలితో తిప్పమంటాం, సులువుగా తిరుగుతుంది. మోటార్ వైర్లు రెండూ కలిపి మళ్లీ తిప్పమంటే, "అన్నా, లోపల ఎవరో పట్టుకున్నట్టుంది!" అంటారు. మనం లెంజ్ సూత్రమని పరీక్షల్లో రాసేది ఇదే. కరెంటు తీసుకుంటే చక్రం బరువెక్కుతుంది, ఆ బరువుని నీళ్లే తొయ్యాలి. (బొమ్మలతో ఏం తెలుస్తుందిలే అనుకోకండి. జాన్ స్మీటన్ 1759లో ప్రచురించిన ప్రయోగాలు కూడా నమూనా చక్రాల మీద చేసినవే. పైనుంచి నీరు పోసే చక్రం, కింద ప్రవాహం తగిలి తిరిగేదానికన్నా సుమారు రెండింతలు పనిచేస్తుందని అలాగే తేల్చాడు.)

ఇక టైటిల్‌లోని ప్రశ్న. ఓ రైతు కొడుకు అడిగాడు. క్లాసంతా నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. చక్రం కింద పడిన నీళ్లని కొలిపించాం. తుళ్లిపోయిన కాసిని తప్ప అన్నీ ఉన్నాయి. సత్తువ ఎక్కడికీ పోలేదు, పైరుకి ఏ లోటూ లేదు. కానీ అవి ఇప్పుడు నేల మీదున్నాయి. బల్ల మీదే పొలం ఉన్నవాడికి ఇక అందవు.

శ్రీశైలం దగ్గర గొడవలో పెద్ద భాగం ఇదే. పూర్తి మట్టం 885 అడుగులు. టర్బైన్లలోంచి వెళ్లిన నీరు కింద నాగార్జునసాగర్‌కి చేరుతుంది, అక్కడి ఆయకట్టుకి పనికొస్తుంది. కానీ జలాశయం మట్టం దిగేకొద్దీ పైనున్న పోతిరెడ్డిపాడు కాలువలోకి నీరెక్కడం తగ్గుతుంది. అందుకే 854 అడుగులకన్నా దించొద్దని రాయలసీమ వాళ్లు అడుగుతుంటారు. పిల్లాడి మాటలో 'సత్తువ' తీసేసి 'ఎత్తు' అని పెడితే, రెండు రాష్ట్రాలు వాదించుకుంటున్న ప్రశ్న అదే అవుతుంది.

మరి మళ్లీ పైకి పంపలేమా? పంపొచ్చు. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి, వెనక్కి తిప్పితే అవే పంపులు. ఆ ఖర్చు తెలియాలంటే కింది బకెట్‌ని పిల్లలతోనే బల్ల మీదికి ఎత్తించండి. ఇద్దరు పట్టాలి. ఇరవై లీటర్లు మీటరు ఎత్తడానికి 196 జౌళ్లు. ఆ 200 సెకన్లలో మన ఎల్ఈడీ వాడుకున్నది ఎనిమిది.