పాత పికప్ ట్రక్కులో ఆటోమేటిక్ గేర్ల లోపాలు: నిర్ధారణ విధానం

8.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఆటోమేటిక్ గేర్‌బాక్సులో గేరు ఎప్పుడు మారాలనేది ఎలా నిర్ణయమవుతుందో వివరించగలుగుతారు.
• లక్షణాన్ని బట్టి లోపం ఎక్కడుందో గుర్తించగలుగుతారు.

8.1 పరిచయం

చేతి గేర్లున్న వాహనంలో గేరు ఎప్పుడు మార్చాలో డ్రైవరు నిర్ణయిస్తాడు. ఆటోమేటిక్‌లో ఆ పని ఆయిల్ పీడనం చేస్తుంది. గేర్లు సరిగా మారనంత మాత్రాన గేర్‌బాక్సు విప్పవలసిన అవసరం లేదు. విప్పడం ఖర్చుతో కూడిన పని. లోపం బయటి గొట్టంలో ఉంటే ఆ ఖర్చంతా వృథా. అందువల్ల సులభమైన పరీక్షలను ముందుగా చేయాలి.

జనరల్ మోటార్స్ 1969 మోడళ్లతో ప్రవేశపెట్టిన టర్బో హైడ్రామాటిక్ 350 అనే మూడు గేర్ల ట్రాన్స్‌మిషన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1970ల నాటి షెవ్రొలె సి-10 పికప్‌లలో ఇది కనిపిస్తుంది. ఇందులో గేర్ల మార్పిడికి కంప్యూటర్ లేదు.

8.2 గేరు మారే సూత్రం

గేరు మార్చే వాల్వుపై రెండు పీడనాలు ఎదురెదురుగా పనిచేస్తాయి.

గవర్నర్ పీడనం: బండి వేగం పెరిగే కొద్దీ పెరుగుతుంది, వాల్వును పై గేరు వైపు నెడుతుంది.

మాడ్యులేటర్ పీడనం: ఇంజన్‌పై భారాన్ని తెలుపుతుంది, పై గేరు పడకుండా ఆపుతుంది. ఇంజన్ ఇన్‌టేక్ నుంచి వచ్చే వాక్యూమ్ గొట్టం మాడ్యులేటర్‌లోని డయాఫ్రంకు చేరుతుంది. యాక్సిలరేటర్ తక్కువగా తొక్కినప్పుడు వాక్యూమ్ ఎక్కువగా ఉండి ఈ పీడనాన్ని తగ్గిస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు వాక్యూమ్ పడిపోతుంది, పీడనం పెరుగుతుంది.

గవర్నర్ పీడనం పైచేయి సాధించినప్పుడు గేరు మారుతుంది.

8.3 మొదటి పరీక్ష: ఆయిల్

బండిని సమతలంపై నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డుపెట్టండి. ఆయిల్ వేడెక్కిన తరవాత, లివర్ పార్కులో ఉంచి, ఇంజన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ తగ్గితే పంపు గాలిని పీల్చి క్లచ్‌లు జారుతాయి. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్లు. పాలు కలిపిన గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లోని కూలర్ నుంచి నీరు చేరినట్లు.

8.4 లక్షణాలు – అనుమానించవలసిన భాగాలు

• ఆలస్యంగా, కుదుపుతో మారడం: వాక్యూమ్ గొట్టం చిట్లడం లేదా ఊడిపోవడం. వాక్యూమ్ అందక, బండి ఎప్పుడూ పూర్తి భారంతో ఉన్నట్లే మాడ్యులేటర్ పనిచేస్తుంది.
• అవే లక్షణాలతో పాటు తెల్లటి పొగ, బయట కారకుండానే ఆయిల్ తగ్గడం: డయాఫ్రం చిరగడం. ఇంజనే ఆయిల్‌ను పీల్చి కాలుస్తుంది. గొట్టం ఊడదీసి చూస్తే లోపల ఆయిల్ కనిపిస్తుంది.
• మొదటి గేరు దాటకపోవడం: గవర్నర్ ఇరుక్కోవడం లేదా దాని ప్లాస్టిక్ పళ్లు అరగడం. గవర్నర్‌ను పక్క మూత తీసి పరీక్షించవచ్చు, గేర్‌బాక్సు దింపనక్కరలేదు.
• పూర్తిగా తొక్కినా కింది గేరుకు దిగకపోవడం: కార్బురేటర్ నుంచి వచ్చే కిక్‌డౌన్ కేబుల్ తెగడం లేదా వదులవడం.

8.5 వాక్యూమ్ పరీక్ష

మాడ్యులేటర్ దగ్గర గొట్టం తీసి గేజి తగిలించండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడ్లింగ్‌లో సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది. తక్కువైతే గొట్టం పొడవునా వెతకండి. గొట్టం బాగుండి, ఇన్‌టేక్ వద్ద కూడా తక్కువే ఉంటే లోపం ఇంజన్‌లోనే ఉంది. అప్పుడు గేర్‌బాక్సును మార్చినా ఫలితం ఉండదు.

8.6 సారాంశం

ముందు ఆయిల్, తరవాత గొట్టం, మాడ్యులేటర్, కేబుల్, గవర్నర్. ఇవన్నీ బాగున్నాయని తేలాకే లోపలి భాగాలు. క్లచ్ జారుతున్న బండిని మాత్రం నడపవద్దు. చిన్న లోపం ప్లేట్లను కాల్చి పెద్ద మరమ్మతుగా మారుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వాక్యూమ్ గొట్టం ఊడిపోతే గేరు ఎందుకు ఆలస్యంగా మారుతుంది?
2. ఒక పికప్ మొదటి గేరులోనే నడుస్తోంది. ఆయిల్, వాక్యూమ్ సరిగా ఉన్నాయి. మీరు తరవాత ఏ భాగాన్ని పరీక్షిస్తారు? ఎందుకు?