పని లేనప్పుడు వేడెక్కు గ్రాఫిక్స్ కార్డు

యంత్రము పని చేయునప్పుడు వేడెక్కుట సహజము. పని లేక ఊరకయున్నప్పుడును వేడెక్కుచున్నచో దానికి కారణము వెదకవలసియున్నది. కంప్యూటరుపై బొమ్మలు గీయువారు, పెండ్లి ఆల్బములు కూర్చువారు, చలనచిత్రములకు దృశ్యములు సంధించువారు, ఆటలాడు పిల్లలు, వీరందరకును నేడు గ్రాఫిక్స్ కార్డు ముఖ్యమైన సాధనము. పెక్కు కంప్యూటర్లలో విడిభాగము లన్నిటిలోను దాని వెలయే హెచ్చు. అట్టి కార్డు, తెరపై ఏమియు జరుగకున్నను 60, 70 డిగ్రీల వేడి చూపుచు, నడుమనడుమ కంప్యూటరును స్తంభింపజేయుచున్నచో, యజమాని మనస్సున మొదట పుట్టు భయము "కార్డు పోయినది" అని. ఆ భయముతో మంచి కార్డును కారుచౌకగా అమ్ముకొనువారు కలరు. నిజముగా చెడిన కార్డును నెలల తరబడి అట్లే వాడి, తుదకు చేసిన పనిని పోగొట్టుకొనువారును కలరు. ఈ రెండు నష్టములను తప్పించుకొనుటకు వలయు పరీక్షాక్రమమును ఇచ్చట వివరింతుము.

మొదట ఈ వేడి ఎక్కడనుండి పుట్టుచున్నదో చూతము. గ్రాఫిక్స్ కార్డు కంప్యూటరులో ఇమిడిన మరియొక చిన్న కంప్యూటరు. దానిలో కోట్లకొలది ట్రాన్సిస్టర్లు గల జీపీయూ అను చిప్పు, దాని చుట్టును జ్ఞాపక చిప్పులు, వాటికి విద్యుత్తును సరిచేసి యిచ్చు భాగములు ఉండును. ఇవి తినిన విద్యుత్తంతయు తుదకు వేడిగా మారవలసినదే. ఆ వేడిని లోహపు రెక్కలు గల హీట్‌సింకు గ్రహించి ఫ్యాన్లు వీచు గాలికి అప్పగించును. చిప్పు తిను విద్యుత్తు ముఖ్యముగా రెండింటిపై ఆధారపడును. మొదటిది దాని గడియారపు వేగము. రెండవది దానికిచ్చు వోల్టేజి. వేగము రెట్టించినచో ఖర్చు రెట్టించును. వోల్టేజి రెట్టించినచో ఖర్చు నాలుగు రెట్లగును. కావుననే పని లేనప్పుడు కార్డు రెండింటిని తగ్గించుకొని నిద్రావస్థకు పోవునట్లు నిర్మాతలు ఏర్పాటు చేసిరి. ఆటలో 200, 300 వాట్లు తిను కార్డు సైతము ఊరకయున్నప్పుడు సాధారణముగా 10 మొదలు 30 వాట్లతో సరిపెట్టుకొనును.

జ్వరము రోగము కాదు, రోగలక్షణము. థర్మామీటరు చూపిన అంకె నొక్కదానినే పట్టుకొని వైద్యుడు మందు వ్రాయడు. కార్డు వేడి విషయమున గూడ అంతే. గది వేడిని తీసివేసి మిగిలిన దానిని చూడవలెను. 25 డిగ్రీల గదిలో 45 డిగ్రీలు చూపు కార్డును, 40 డిగ్రీల గదిలో 60 చూపు కార్డును ఒకే ఆరోగ్యస్థితిలో నున్నవని చెప్పవచ్చును. రెండింటను గదికంటె కార్డు 20 డిగ్రీలే హెచ్చు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో వెలుపలి వేడి 45 డిగ్రీలకు చేరుచుండును. అచ్చటి వారు చల్లని దేశపు పరీక్షకులు ప్రకటించిన అంకెలతో తమ కార్డును పోల్చుకొని కలతపడుట తగదు. అదియునుగాక 2014 ప్రాంతము నుండి వచ్చిన పెక్కు కార్డులలో, వేడి 50 లేక 60 డిగ్రీలు దాటువరకు ఫ్యాన్లు తిరుగనే తిరుగవు. చప్పుడు లేకుండుటకై నిర్మాతలే చేసిన ఏర్పాటిది. అట్టి కార్డు పని లేనప్పుడు 50 డిగ్రీలు చూపుట దోషము కాదు.

ఇక అసలు పరీక్షకు వత్తము. మొదటి ప్రశ్న: కార్డునకు నిజముగా పని లేదా? మనము మౌసు కదపకున్నంత మాత్రమున కార్డు ఊరకయున్నదని చెప్పరాదు. జీపీయూ-జెడ్, హెచ్‌డబ్ల్యు ఇన్‌ఫో వంటి ఉచిత సాధనములలో మూడు అంకెలు చూడవలెను. అవి వినియోగ శాతము, గడియారపు వేగములు, తిను వాట్లు. వినియోగము హెచ్చుగా నున్నచో ఏదో ప్రోగ్రాము దానిని వాడుచున్నదన్న మాట. విండోసులోని టాస్క్ మేనేజరు ఆ ప్రోగ్రాము పేరు చూపగలదు. బ్రౌజరులో మరచిన వీడియో, కదలెడు వాల్‌పేపరు, ఆటల దుకాణపు ప్రోగ్రాము ఇట్టివి తరచుగా పట్టుబడును. దొంగతనముగా చొరబడి క్రిప్టో నాణెములను తవ్వు ప్రోగ్రాములు గూడ కలవు. వాటిలో కొన్ని టాస్క్ మేనేజరు తెరచినంతనే పని మానుకొని సాధువులవలె కూర్చుండును. దానిని తెరచిన క్షణముననే వేడి తగ్గనారంభించినచో అనుమానింపవలసినదే.

వినియోగము సున్నకు చేరువగా నున్నను వేగములు మాత్రము పైస్థాయిలోనే యుండుట మరియొక స్థితి. డ్రైవరు అమరికలలో విద్యుత్తు నిర్వహణను "గరిష్ఠ సామర్థ్యము" అని పెట్టియుంచినచో కార్డు నిద్రింపదు. దానిని సాధారణ స్థితికి మార్చినచో సరిపోవును. అదియు కానిచో కారణము తరచుగా మానిటర్లలో నుండును. ఇది వినుటకు వింతగా తోచును గాని దీని వెనుక చక్కని తర్కము కలదు. జ్ఞాపక చిప్పుల వేగము మార్చవలెనన్న ఒక్క క్షణము వాటితో రాకపోకలు ఆపవలెను. ఆ క్షణమున తెరకు బొమ్మ అందక మినుకుమనకుండుటకై, తెర ఒక చిత్రమును ముగించి రెండవదానిని ఆరంభించు నడిమి విరామమున కార్డు ఆ మార్పు చేయును. సెకనుకు 60 చిత్రములు చూపు తెరలో ఒక్కొక్క చిత్రమునకు సుమారు 16.7 మిల్లీసెకన్లు, 144 చూపు తెరలో సుమారు 6.9 మిల్లీసెకన్లు మాత్రమే లభించును. ఆ స్వల్పకాలములో నడిమి విరామము మరింత స్వల్పము. ఇక భిన్నమైన రెండు మానిటర్లున్నచో, ఒకదాని విరామము రెండవదాని విరామముతో కలియదు. మార్చుటకు వీలు చిక్కక కార్డు జ్ఞాపకమును పూర్తి వేగముననే నడుపుచుండును.

2010లో ఎన్విడియా విడుదల చేసిన జీటీఎక్స్ 480 కార్డునకు రెండు వేరువేరు మానిటర్లు తగిలించినప్పుడు అది ఊరకయే మిక్కిలి వేడెక్కుట పరీక్షకులు గుర్తించిరి. కారణ మిదియే. పండ్రెండేండ్ల తరువాత, 2022 డిసెంబరులో వచ్చిన ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ విషయమునను పలు మానిటర్లతో హెచ్చు విద్యుత్తు తినుట తెలిసిన లోపముగా డ్రైవరు వివరణలలో ప్రకటింపబడినది. పరీక్ష సులభము. ఒక మానిటరు తీసివేయవలెను, లేదా చిత్రముల సంఖ్యను 60కి తగ్గించవలెను. వెంటనే వాట్లు పడిపోయినచో కార్డునకు రోగము లేదని తేలినది. రెండు మానిటర్లకు ఒకే చిత్రసంఖ్య నిచ్చుట, డ్రైవరును క్రొత్తదానికి మార్చుట పెక్కు తావుల పనిచేయును.

వాట్లు తక్కువగానే యున్నను వేడి మాత్రము తగ్గనిచో దోషము చల్లబరచు మార్గముననే కలదు. పెట్టె ప్రక్క తలుపు తీసి పది నిమిషములు చూడవలెను. వేడి గణనీయముగా తగ్గినచో పెట్టెలో గాలి యాడుట లేదు. లేనిచో హీట్‌సింకు రెక్కల నడుమ దుమ్ము పేరుకొన్నదేమో చూడవలెను. కంప్యూటరు ఆపి, తీగ ఊడదీసి, గాలి కొట్టి శుభ్రము చేయునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టియుంచవలెను. గాలి వేగమునకు అది మితిమీరి తిరిగినచో బేరింగు పాడగును. ఫ్యాన్లన్నియు తిరుగుచున్నవో లేవో గూడ గమనింపవలెను. ఫ్యాను ఆగుటకు డ్రైవరే కారణమగుటయు కలదు. 2010 మార్చిలో ఫ్యాన్ల వేగమును సరిగా నడుపుట లేదన్న ఫిర్యాదులపై ఎన్విడియా తన 196.75 డ్రైవరును ఉపసంహరించుకొనవలసి వచ్చినది.

చిప్పునకును హీట్‌సింకునకును నడుమ పూయు థర్మల్ పేస్టు ఏండ్లు గడచినకొలది ఎండిపోవును, లేదా అంచులకు జరిగిపోవును. దీనిని కనుగొనుట కొక ఉపాయము కలదు. పెక్కు కార్డులు సగటు వేడితోబాటు, చిప్పులో మిక్కిలి వేడిగల చోటి అంకెను హాట్‌స్పాట్ అను పేర చూపును. పని భారములో ఈ రెండింటి భేదము 10 నుండి 20 డిగ్రీలుండుట సామాన్యము. 30 దాటినచో పేస్టు గాని, హీట్‌సింకు అతుకు గాని సరిగా లేదని అనుమానింపవచ్చును. పేస్టు మార్చుట నేర్పుగలవారు చేయదగిన పని. పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి క్రొత్తది పూయవలెను. జ్ఞాపక చిప్పులపైనుండు మెత్తని ప్యాడ్లను మార్చునప్పుడు పూర్వపు మందమునే వాడవలెను. మందము హెచ్చినచో హీట్‌సింకు చిప్పునకు తగులదు. ఐతే వారంటీ కాలము తీరనిచో కార్డును విప్పక ముందు దాని షరతులు చదువుకొనుట మేలు. విప్పినను కుదురని దోషములును కలవు. పైని జెప్పిన 7900 ఎక్స్‌టీఎక్స్ కార్డులు కొన్నింటిలో హాట్‌స్పాట్ 110 డిగ్రీలకు చేరినది. వేడిని మోయు ఆవిరిగదిలో నీరు చాలినంత లేకుండుటయే కారణమని 2023 జనవరిలో ఏఎండీ ఒప్పుకొనినది. అట్టివాటికి కార్డు మార్చుట తప్ప వేరు మార్గము లేదు.

ఇక స్తంభించుట సంగతి. ఇచ్చట ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి కలదు. 60 డిగ్రీల వేడివలన ఏ కార్డును ఆగిపోదు. పెక్కు జీఫోర్సు కార్డులు సుమారు 83 డిగ్రీల వద్ద తమ వేగమును తామే తగ్గించుకొనును. వేడి అంతకు మిక్కిలి మించినప్పుడే తమంతట ఆగిపోవును. కావున పని లేనప్పటి వేడి, స్తంభన, ఈ రెండును ఒకే యింట కనిపించినంత మాత్రమున ఒకదానికి మరియొకటి కారణమని నిశ్చయింపరాదు. రెండు వేరు రోగములు కావచ్చును.

స్తంభన ఏ సమయమున కలుగుచున్నదో వ్రాసి యుంచుకొన్నచో సగము కారణము తెలిసినట్లే. భారమైన పని మొదలైన పది, ఇరువది నిమిషములకు, వేడి పైకెక్కిన పిమ్మట ఆగినచో చల్లబరచు మార్గమును అనుమానింపవలెను. పని మొదలైన క్షణముననే కంప్యూటరు మొత్తము ఆరిపోయినచో పవర్ సప్లైని అనుమానింపవలెను. వేడి ఎంతయున్నను ఏదో యొక ప్రోగ్రాములోనే ఆగినచో డ్రైవరును గాని ఆ ప్రోగ్రామును గాని చూడవలెను. ఊరకయున్నప్పుడే ఆగినచో, కార్డు నిద్రావస్థలోని తక్కువ వోల్టేజి దానికి చాలుట లేదేమో పరిశీలింపవలెను. యజమాని స్వయముగా వోల్టేజి తగ్గించినను, వేగము పెంచినను ముందు వాటిని పూర్వస్థితికి తేవలెను. ఈ కడపటి సందర్భమున, ఇందాక మానుకొమ్మన్న "గరిష్ఠ సామర్థ్యము" అమరికనే పరీక్షకై కొంతసేపు పెట్టి చూడవచ్చును. వేడి పెరిగి స్తంభన నిలిచిపోయినచో, వేడి దీనికి కారణము కాదని తేటతెల్లమైనది.

విండోసు గూడ మనకు సాక్ష్యము పలుకును. కార్డు రెండు సెకన్లలోపల బదులు చెప్పనిచో విండోసు దాని డ్రైవరును తిరిగి మొదలిడును. తెర ఒక్కసారి నల్లబడి మరల వెలుగుట అందువలననే. ఈవెంట్ వ్యూయరులో 4101 అను సంఖ్యతో ఇది నమోదగును. కంప్యూటరు చెప్పకయే ఆరిపోయినచో 41 అను సంఖ్య కనిపించును. మొదటిది డ్రైవరు, కార్డుల వైపునకును, రెండవది చాలమారులు విద్యుత్తు వైపునకును వ్రేలు చూపును. డ్రైవరు దోషమైనచో పాతదానిని పూర్తిగా తొలగించి క్రొత్తది వేయవలెను. స్తంభన ఒక క్రొత్త డ్రైవరుతోనే మొదలైనచో వెనుకటి దానికి మరలవలెను.

విద్యుత్తు విషయమున లెక్క చూచుకొనుట కష్టము కాదు. మదర్‌బోర్డు స్లాటు నుండి కార్డునకు 75 వాట్ల వరకు, ఆరు సూదుల తీగనుండి 75, ఎనిమిది సూదుల తీగనుండి 150 వాట్ల వరకు లభించును. భారము మారునప్పుడు కార్డు రెప్పపాటు కాలము తన లెక్కను మించి లాగును. అరకొర పవర్ సప్లై తట్టుకొనలేనిది ఆ రెప్పపాటునే. ఒకే తీగకున్న రెండు కొసలను కాక, వేరువేరు తీగలను కార్డునకు తగిలించుట క్షేమము. 600 వాట్ల వరకు మోయగల క్రొత్త కనెక్టర్లను చివరంట నొక్కవలెను. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కనెక్టర్లు కరగినప్పుడు, అవి పూర్తిగా దిగకుండుటయే సామాన్య కారణమని ఎన్విడియా ప్రకటించినది.

ఇవన్నియు సరిగా నున్నను తెరపై రంగుల మచ్చలు, గళ్లు కనబడుచు స్తంభన ఆగనిచో, ఆ కార్డును మరియొక కంప్యూటరులో పెట్టి చూచుట తుది పరీక్ష. అచ్చటను అట్లే జరిగినచో కార్డు చెడినదని నిశ్చయింపవచ్చును. వేడి, చల్లదనము మారిమారి వచ్చుటవలన చిప్పు అతుకులు బీటలు వారుట కలదు. 2008లో ల్యాప్‌టాపు చిప్పుల అతుకు పదార్థములో దోషమునకై ఎన్విడియా 15 నుండి 20 కోట్ల డాలర్లు ప్రత్యేకించవలసి వచ్చినది. అట్టి కార్డును వంట ఓవెనులో కాల్చి బాగుచేయవచ్చునను మాట లోకమున వ్యాపించియున్నది. దానివలన కొలదిదినములు పనిచేసినను జబ్బు తిరుగబెట్టును. అన్నము వండుకొను ఓవెనులో విషపు పొగలు చేరును. ఇది చేయరాని పని.

ఈ పరీక్షలలో ఖర్చు లేనివి ముందు, ఖర్చు గలవి తరువాత చేయవలెను. ఒకమారు ఒక్క మార్పే చేసి, దాని ఫలితమును గది వేడితోసహా కాగితముపై వ్రాసికొనవలెను. రెండు మార్పులు ఒక్కమారే చేసినవానికి కంప్యూటరు బాగుపడవచ్చును గాని, ఏది బాగుచేసినదో తెలియదు. మరమ్మతు దుకాణమునకు పోవలసివచ్చినను ఆ కాగితము వెంట తీసికొనిపోయినచో, మంచి పనివానికి సగము దినము మిగులును. మంచి కార్డును "పోయినది" అని చెప్పి తక్కువ ధరకు పుచ్చుకొనువానికి ఆ మాట అనుటకు వీలు చిక్కదు. ఇక స్తంభన కారణము తేలువరకు, చేయుచున్న పనిని మాటిమాటికి భద్రపరచుచు, వేరొక డిస్కులో దాని ప్రతి ఉంచుకొనవలెను. కార్డునకు మారుగా మరియొక కార్డు అంగడిలో దొరకును. పోయిన పనిని మాత్రము మరల మనమే చేసికొనవలెను.