కుండలో కాపురం

పిల్లలూ, సంతలో పక్షులమ్మేవాడి దగ్గర ఆకుపచ్చ, పసుపు, నీలం, తెలుపు రంగుల చిన్న చిన్న చిలుకలను మీరు చూసే ఉంటారు. అందరూ వాటిని "లవ్ బర్డ్స్" అంటారు. నిజానికి ఆ పేరుగల పక్షులు వేరు; వాటి పుట్టిల్లు ఆఫ్రికా. మన సంతల్లో ఎక్కువగా కనిపించేవి బడ్జెరిగార్లు. వీటి స్వస్థలం ఆస్ట్రేలియా. అక్కడి ఎండుభూముల్లో నీరూ, గడ్డిగింజలూ వెతుక్కుంటూ ఇవి గుంపులు గుంపులుగా తిరుగుతాయి. అడవిలో వీటి రంగు ఆకుపచ్చే. జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండు తీసుకువెళ్ళాడు. తక్కిన రంగులు తరవాత మనుషుల పెంపకంలో నిలిచినవి.

మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడ్జెరిగార్లు మన అడవుల పక్షులు కావు గనక పెంచుకోవచ్చు. కాని సరిగా పెంచడం వేరే సంగతి. అది నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను.

పంజరంలో రెండు పక్షుల్ని పడేసినంత మాత్రాన అవి జంట కావు. ముందు మగా ఆడా చూసుకోవాలి. ముక్కుపుటాల చుట్టూ ఉండే మెత్తని చర్మం ఎదిగిన మగదానికి నీలంగానూ, ఆడదానికి గోధుమరంగుగానూ ఉంటుంది. పూర్తిగా తెల్లని, పూర్తిగా పసుపుపచ్చని పక్షుల్లో మాత్రం మగదానికి అది నీలం కాదు, గులాబి. ఇక జత కుదిరిందో లేదో వాటినే చూసి తెలుసుకోవాలి. కుదిరితే కొమ్మమీద ఆనుకుని కూర్చుంటాయి. ఒకదాని తల ఈకలు మరొకటి దువ్వుతుంది; ఎవరి తల వారి ముక్కుకు అందదు గదా! మగది తాను తిన్న గింజలను పైకి తెచ్చి ఆడదాని నోట పెడుతుంది. రెండింటికీ ఏడాది నిండి ఉండాలి. అంతకు ముందే ఆడది గుడ్డు పెట్టగలదు గాని, దాని వొంట్లో అందుకు తగిన బలం ఉండదు.

మా పెరటి వసారాలో 6 అడుగుల పొడుగు, 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఉన్న జాలీగది కట్టించాను. జాలీకన్ను అరంగుళం మించితే ఎలకలూ, పాములూ దూరుతాయి. కూర్చోవడానికి జామకొమ్మలు కట్టాను. తిండికి కొర్రలు, సామలు, వరిగలు. వాటితో పాటు కొత్తిమీర, మొలకెత్తిన గింజలు. మూలికలమ్మే కొట్లో "సముద్రపు నురుగు" అడిగితే తెల్లని బద్ద ఇస్తారు. అది నురుగు కాదు, కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి వొంట్లోని పెంకు. అందులో సున్నం ఉంటుంది. అది జాలీకి కట్టి ఉంచాలి. ఎంచేతనో తరవాత చెబుతాను.

అడవిలో ఇవి చెట్టుతొర్రలో గుడ్లు పెడతాయి. మనం తొర్రకు బదులు పక్కన 2 అంగుళాల బెజ్జం ఉన్న మట్టికుండ కడతాం. చీకటి తొర్రా, మంచి తిండీ, మగదాని పాటా కుదిరితే కాపురం సాగుతుంది. పాటకూ గుడ్డుకూ సంబంధమేమిటి అంటారా? బార్బరా బ్రాక్‌వే అనే శాస్త్రజ్ఞురాలు 1960 దశకంలో పరీక్షించి చూసింది. మగపక్షి కూనిరాగం చెవిన పడితే ఆడదాని కడుపులో గుడ్లు ఎదగడానికి అది తోడ్పడుతుందట!

ఆడది రోజు విడిచి రోజు ఒక్కొక్కటి చొప్పున 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది. పొదిగేది ఆడదే. మగది బెజ్జం దగ్గర వాలి తిండి అందిస్తుంది. సుమారు 18 రోజులకు గుడ్డు పగిలి పిల్ల వస్తుంది. దానికి ఈకలుండవు, కళ్ళు తెరుచుకోవు. పిల్లలు కూడా రోజు విడిచి రోజు పుడతాయి గనక, అయిదోది పుట్టేసరికి మొదటిదానికి 8 రోజులు నిండుతాయి! మరి చిన్నది బతికేదెలా? ఇక్కడొక చిత్రమున్నది. తండ్రి ఎక్కువగా అరిచేవాటికి పెడుతుంది, తల్లి చిన్నవాటిని కనిపెట్టి పెడుతుంది. దాదాపు అయిదు వారాలకు పిల్లలు కుండ వదిలి బయటికి వస్తాయి. ఆ తరవాత కొన్నాళ్ళు ముఖ్యంగా తండ్రే వాటిని మేపుతుంది.

మా మొదటి జంట ఇలాగే రెండు విడతలు పిల్లల్ని చేసింది. అప్పుడు కుండ దించవలసింది. "తాతయ్యా, ఇంకొక్కసారి!" అన్నది మా మనవరాలు. నాకూ ముచ్చటగానే ఉన్నది. కుండ అలాగే ఉంచాను.

ఒకనాటి ఉదయం ఆడది కొమ్మమీద లేదు. జాలీగది నేలమీద, ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నది. గుడ్డు కడుపులో అడ్డుపడింది. పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళేలోపలే ప్రాణం పోయింది.

గుడ్డు పెంకు సున్నంతో తయారవుతుంది. తిండిలో చాలకపోతే తల్లి ఎముకల్లోని సున్నం కరిగి పెంకుకు చేరుతుంది. విశ్రాంతి లేకుండా విడత మీద విడత గుడ్లు పెడితే ఆ చిన్న వొంట్లో ఇంకేం మిగులుతుంది? సున్నం చాలకపోతే గుడ్డును బయటికి తోసే కండరాలకు కూడా బలం చాలదు. ఇంత పాఠమూ నేను పుస్తకంలో చదివి ఉన్నవాణ్ణే. పిల్లలు లెక్క తప్పు చేస్తే సున్నా వేసేవాణ్ణి. ఆ రోజు సున్నా నాకే వచ్చింది. మగది చాలా రోజులు ఆ ఖాళీ కుండ బెజ్జం దగ్గరే వాలి పిలుస్తూ ఉండేది. మా మనవరాలు ఆ వైపు వెళ్ళడం మానుకున్నది.

అందుచేత మీ ఇంట్లో కుండ కట్టే ముందు అమ్మానాన్నలతో కూర్చుని రెండు సంగతులు ఆలోచించండి. ఒకటి: ఏడాదికి రెండు విడతలే, ఆ పైన కుండ ఉండకూడదు. రెండు: పుట్టే పిల్లలు ఎవరింటికి పోతాయి? ఇవి గది చాలక బయట వదిలిపెట్టదగ్గ పక్షులు కావు. తరతరాలుగా మనుషుల చేతి తిండి తిన్న ఈ రంగుల పిట్టలు బయట తిండి వెతుక్కోలేవు, కాకులకూ డేగలకూ దొరికిపోతాయి. పిల్లల్ని తీసుకునే ఇల్లు ముందుగా దొరకకపోతే కుండ కట్టకండి. కుండ లేకపోయినా జంట హాయిగా ఆడుకుంటూ పాడుకుంటూ ఉంటుంది.

ఇప్పుడు మా జాలీగది పక్కన ఒక పలక వేలాడుతున్నది. గుడ్డు పెట్టిన తేదీ, పిల్ల పుట్టిన తేదీ, అన్నీ మా మనవరాలే దానిమీద రాస్తుంది. రెండో విడత పిల్లలు వాటంతట అవి గింజలు తినడం నేర్చిన రోజున స్టూలెక్కి కుండ దించేది కూడా తనే.